షర్బత్ తాగండి, వేరు ఎక్కడిదో అడగండి

రైతన్నలారా, ఎండ ముదిరితే నన్నారి బండి దగ్గర ఆగని వాళ్లు మన కనిగిరిలో ఎవరుంటారు? నిమ్మకాయ పిండి, పాకం పోసి, సోడా కొట్టి ఇస్తే ప్రాణం లేచొస్తుంది. మానేయమని చెప్పటం లేదు. ఒక్కటే అడుగుతున్నా: ఆ వేరు ఎవరి చేలో పండింది?

చాలా వరకు ఎవరి చేలోనూ కాదు. సన్న వేరైతే సుగంధిపాల, లావు గడ్డైతే మారేడు గడ్డ. ఎక్కువ భాగం కొండల్లో, అడవుల్లో తవ్వి తెచ్చిందే. మారేడు గడ్డల తీగ ఇప్పటికే అంతరించే ముప్పున్న మొక్కల్లో చేరింది.

"కొండ ఎవడబ్బ సొమ్ము? తవ్వుకుంటే తప్పేంటి?" అంటారు కొందరు. ఉసిరికాయ కోస్తే చెట్టు ఉంటది. కుంకుడుకాయ రాలగొట్టినా చెట్టు ఉంటది. వేరు మొత్తం పీకితే ఏముంటది? విత్తనాలు వండుకు తిని, తొలకరికి ఆకాశం చూసినట్టే!

టర్కీలో జరిగింది చూడండి. అక్కడ చలికాలంలో 'సాలెప్' అని వేడి పాలల్లో కలిపి తాగుతారు, ఐస్‌క్రీములోనూ వేస్తారు. అది ఆర్కిడ్ మొక్కల గడ్డల పొడి. మన మూలికల కొట్లో సాలం మిశ్రీ అంటారే, ఆ కోవదే. మొక్కకు రెండు గడ్డలు: ఒకటి ఈ ఏటిది, ఒకటి పై ఏటిది. పూత మీద ఉండగానే, గింజ రాలకముందే, ఆ పై ఏటి గడ్డ తవ్వేస్తారు. కిలో పొడికి వెయ్యికి పైగా గడ్డలు కావాలి. చివరికి ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. గిరాకీ ఆగిందా? పక్కనున్న ఇరాన్ కొండల మీద పడింది. వ్యాపారికి ఇంకో కొండ దొరుకుతుంది. మనకు దొరకదు.

తవ్వే కూలీని తిట్టొద్దు. ఆయనకు దక్కేది కూలి డబ్బులే. అడగాల్సింది కొనేవాణ్ణి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. వ్యాపారానికి తమ పరిధిలో మూలికలు సేకరించే వాళ్ల దగ్గర రుసుము వసూలు చేసే అధికారం దానికుంది. మీ ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసా? గ్రామసభలో అడగండి.

ఇంకోటి, సుగంధిపాల వేరు ముక్క నాటినా మొలుస్తుంది. కంచె వెంట, గట్టు మీద నాలుగు తీగలు పెట్టండి. రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. తీసేటప్పుడు సగం వేరు వదిలి మట్టి కప్పండి. కొనేవాడు ఖాయం కాకుండా కంది తీసేసి మాత్రం ఇది వేయొద్దు.

నాటని వాడికి తవ్వే హక్కు లేదు. కాదంటారా? కింద రాయండి, మాట్లాడుకుందాం.