అనుమతి పత్రం దగ్గరే ఆగిన ఇంధన కోడ్

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి కూడా పై అంతస్తు ఫ్లాట్లో ఫ్యాన్ వేస్తే వడగాలే దిగుతుంది. పొద్దంతా ఎండను పీల్చుకున్న స్లాబు ఆ వేడిని పొద్దుగూకాక గదిలోకి వదులుతూ ఉంటుంది. సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు కుమ్మరించేవాళ్లు, గోనెసంచులు తడిపి పరిచేవాళ్లు మన ఊళ్లలో ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. స్తోమత ఉన్నవాళ్లు ఏసీ పెట్టించుకుంటారు. ఎండలు మండిపోతున్నాయని అందరం సరిపెట్టుకుంటున్నాం. నిజానికి ఆ ఉక్కలో చాలా భాగం కట్టడంలోని లోపం. దాన్ని సరిదిద్దే చట్టం, కోడ్ మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నాయి. ప్లాన్ మంజూరు కాగితం దాటి అవి ఇంటి పైకప్పు దాకా రావడం లేదు.

గ్రీన్ బిల్డింగ్ అనే మాట కింద మనవాళ్లు రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. ఒకటి రేటింగ్. లీడ్, ఐజీబీసీ, గృహ లాంటివి ఆ కోవలోనివి. బిల్డరు తనంతట తాను దరఖాస్తు చేసుకుని, ఫీజు కట్టి, మార్కులు సంపాదించి తెచ్చుకునే గుర్తింపు అది. రెండోది కోడ్. ఇది చట్టం నుంచి పుట్టింది, ఇంతకన్నా తక్కువగా కట్టడానికి వీల్లేదని గీసే గీత. 2001 ఇంధన పొదుపు చట్టం కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన కోడ్ (ఈసీబీసీ) తెచ్చింది, 2017లో దాన్ని కట్టుదిట్టం చేసింది. విద్యుత్ లోడు 100 కిలోవాట్లు, లేదా కాంట్రాక్టు డిమాండు 120 కేవీఏ దాటిన భవనాలకు అది వర్తిస్తుంది. ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. 2022 సవరణ చట్టం నివాస భవనాలనూ ఇంధన కోడ్ పరిధిలోకి తెచ్చింది, 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అయితే స్థానిక వాతావరణానికి తగినట్టు మార్చుకుని, భవన నియమావళిలో చేర్చి అమలు చేయాల్సింది రాష్ట్రాలే. అసలు కథ నడిచేదీ, నిలిచిపోయేదీ అక్కడే.

రేటింగుల విషయంలో హైదరాబాద్‌కు గర్వించదగ్గ చరిత్ర ఉంది. సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి భవనం. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ అందులో నడిమధ్య గుండ్రటి ముంగిలి వదిలారు, జాలీ గోడలు పెట్టారు, పైకప్పు మీద తోట పెంచారు. మండువా లోగిళ్లలో తరతరాలుగా మనకు తెలిసిన సూత్రాలే అవి. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో చుట్టుపక్కల మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో లేచిన భవనాల్లో అధిక భాగం నిలువెల్లా అద్దాలే. పడమటి ఎండకు అద్దం నిలబెట్టి, లోపలికొచ్చిన వేడిని ఏసీతో బయటికి తోడే భవనానికి కూడా వేరే పద్దుల్లో మార్కులు కూడితే రేటింగ్ రావచ్చు. అందుకే గేటు దగ్గర ఫలకం ఉంది కదా అని ధీమా పడకూడదు.

కోడ్ అడిగేవి బ్రహ్మవిద్యలేమీ కావు. ఈసీబీసీ 2017 సులభ మార్గంలో వెళ్లేవారికి గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం మించకూడదు. హైదరాబాద్, విశాఖ లాంటి వేడి నగరాల్లో ఉత్తర దిక్కు మినహా మిగతా వైపుల అద్దం, తన మీద పడిన సూర్యతాపంలో 27 శాతానికి మించి లోపలికి పంపకూడదు. మామూలు తెల్ల అద్దం 80 శాతం దాకా పంపేస్తుంది. ఎకో నివాస్ సంహితకు మరో కొలత ఉంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో, తెరుచుకునే కిటికీల వైశాల్యం గది నేలలో కనీసం ఆరో వంతు ఉండాలి. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణానికి ఎనిమిదో వంతు చాలు. విజయవాడలో గాలి ఆడకపోతే ఎంత నరకమో తెలిసినవాళ్లు రాసిన నిబంధన ఇది. సగం రెక్కే తెరుచుకునే స్లైడింగ్ కిటికీలతో బిల్డర్లు నింపుతున్న ఫ్లాట్లను ఈ కొలతతో ఒక్కసారి చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం పైకప్పు. సంహిత ప్రకారం పైకప్పు యు-వ్యాల్యూ 1.2 దాటకూడదు. అంటే పైన, కింద ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. ఏ పొరా లేని మామూలు కాంక్రీటు స్లాబుకు ఈ విలువ మూడుకు పైనే. వెయ్యి చదరపు అడుగుల డాబా తీసుకుందాం, సుమారు 93 చదరపు మీటర్లు. పైభాగం గదికన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే వట్టి స్లాబు నుంచి దిగే వేడి దాదాపు 5,600 వాట్లు. కోడ్ ప్రకారం కట్టిన కప్పు నుంచి 2,200 వాట్లు. తేడా సుమారు 3,400 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడేసే వేడి దాదాపు అంతే. కప్పు సరిగ్గా లేకపోవడం వల్లే ఆ కుటుంబం ఒక ఏసీ అదనంగా కొని, దాని కరెంటు బిల్లు ఏళ్ల తరబడి కడుతోందన్నమాట. ఏసీ కొనలేని కుటుంబం ఆ వేడిని ఒంటితో భరిస్తోంది.

ఇంత తేలికైన పని ఎందుకు జరగడం లేదు? ఖర్చు పెట్టాల్సింది బిల్డరు, లాభపడేది కొన్నవాళ్లో అద్దెకున్నవాళ్లో. స్లాబు మీద ఇన్సులేషన్ బోర్డు వేసి, దాని మీద తెల్ల టైల్స్ పరిచినంత మాత్రాన ఫ్లాటు ధర చదరపు అడుగుకు పైసా పెరగదు. కొనేవాళ్లు తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని వాస్తు అడుగుతారు. పడకగదికి పడమటి ఎండ కొడుతుందా, గోడ దేనితో కట్టారు అని అడగరు. ఇలా అమ్మేవారికీ కొనేవారికీ పట్టనప్పుడు బజారు తనంతట తాను దారికి రాదు, చట్టమే కలగజేసుకోవాలి.

చట్టం కలగజేసుకుంటున్న తీరు చూడండి. రాష్ట్ర విభజనకు కొన్ని నెలల ముందు, 2014 జనవరిలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈసీబీసీని భవన నియమావళిలో చేర్చింది. దేశంలో ముందు మేల్కొన్న రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. ప్లాన్ దాఖలు చేసేటప్పుడు కోడ్ పాటిస్తామన్న పత్రాలు జతపడతాయి, సెక్షన్ డ్రాయింగులో ఇన్సులేషన్ గీత కనిపిస్తుంది. సైటులో ఆ బోర్డు పడిందో లేదో ఎవరు చూడాలి? దాని మీద కాంక్రీటు, టైల్స్ పడ్డాక తవ్వితే తప్ప తెలియదు. అద్దం సంగతీ అంతే, రసీదు, పరీక్ష పత్రం లేకుండా ఏ అద్దమో కంటితో తేల్చలేం. ఫైర్ ఎన్‌ఓసీ లేకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపుతున్నప్పుడు, ఇంధన కోడ్‌కు ఆ పట్టు ఎందుకు ఇవ్వకూడదు? కప్పు వేసే దశలో ఒకసారి, అద్దాలు బిగించే దశలో మరోసారి, బిల్డరు జీతగాడు కాని నిపుణుడు తనిఖీ చేయాలి. కాగితం మీద కోడ్‌ను ఎంత కఠినం చేసినా ఈ రెండు తనిఖీలు లేకపోతే వృథా.

ఇంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. సంహిత లెక్క 500 చదరపు మీటర్ల స్థలం నుంచి మొదలవుతుంది, మన లెక్కలో సుమారు 600 గజాలు. వరంగల్లో, గుంటూరులో, కర్నూలులో జనం కట్టుకునేది నూట యాభై, రెండు వందల గజాల్లో. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ఈ చిన్న స్థలాలకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చింది. జనానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది మంచి పనే. కానీ మేస్త్రీ చెప్పిందే వేదంగా కట్టే ఈ ఇళ్లకు కప్పు గురించి ఒక్క మాట చెప్పేవాళ్లు లేరు. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పు లక్ష్యంగా పెట్టుకుంది, అందులో 200 హైదరాబాద్ వాటా. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంకా ఆలోచించని పని అది. అక్కడా 600 గజాల లోపు ఇళ్లకు ఐచ్ఛికమే. 2017లో హైదరాబాద్‌లో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, అలాంటివే అయిన పక్క ఇళ్లకన్నా లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల కప్పునే నిబంధన వదిలేయడం అన్యాయం.

చిన్న ఇంటి మీద వంద పేజీల కోడ్ రుద్దమని ఎవరూ కోరడం లేదు. స్వీయ ధ్రువీకరణ పత్రంలో ఒక్క వాక్యం చేర్చితే సరిపోతుంది: కప్పు మీద తెల్లని, ఎండను తిప్పికొట్టే పొర వేస్తాను. సున్నం కొట్టినా చాలు. ప్రభుత్వమే కట్టించే పేదల కాలనీల్లో దీన్ని అంచనాల్లోనే కలిపేయాలి, ఎందుకంటే అక్కడ బిల్డరు ప్రభుత్వమే, సాకు చెప్పడానికి ఇంకెవరూ లేరు. బ్యూరో 2024లో కొత్త కోడ్‌లు వెలువరించింది. రెండు రాష్ట్రాలూ వాటిని నియమావళిలోకి తెచ్చుకునేటప్పుడు ఈ చిన్న ఇళ్ల వాక్యాన్నీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు తనిఖీనీ తప్పనిసరి చేయాలి.

ఫ్లాటు కొనబోతున్న పాఠకులకు ఒక మనవి. సేల్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే బిల్డరును రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: పైకప్పు యు-వ్యాల్యూ ఎంత, ఎకో నివాస్ సంహిత ప్రకారం గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి లెక్క చదరపు మీటరుకు 15 వాట్ల లోపు ఉందా? జవాబు చెప్పలేని బిల్డరు, కోడ్‌ను డ్రాయింగుల్లోనే వదిలేశాడని అనుకోవచ్చు.