ఇంటి బడిలో చిత్రలేఖనము

రాష్ట్రేతరాంధ్రులమగు మన బిడ్డలలో పెక్కుమందికి తెలుగు బడి యనగా ఇల్లే. తమిళనాట 2006 నాటి చట్టముచే ఒకటవ తరగతి మొదలు క్రమముగా తమిళము నిర్బంధ పాఠ్యమైన పిమ్మట, తెలుగు ఓనమాలు దిద్దించు భారము పలు గృహములలో తల్లులపైనను అవ్వలపైనను పడినది. వారు దానిని ఓర్పుతో మోయుచున్నారు. అయితే ఆ ఇంటి బడిలో వాచకమునకు, ఎక్కములకు, శతకమునకు చోటున్నది, చిత్రలేఖనమునకు లేదు. బొమ్మలు కూడు పెట్టునా యని పెద్దలు తోసివేయుచున్నారు. వర్తకులమగు మనలో ఈ మాట మరింత గట్టిగా వినవచ్చును. ఇది పొరపాటని మా అభిప్రాయము.

భాషకు అక్షరములవలె చిత్రమునకును మూలాంశములు కలవు: రేఖ, ఆకారము, వర్ణము, వెలుగునీడలు మున్నగునవి. వీనిని మొదట నేర్పుటకు ప్రత్యేకముగా ఉపాధ్యాయుని పిలువనక్కరలేదు. చుక్కల ముగ్గు పెట్టు అవ్వ ప్రక్కన మనుమరాలిని, మనుమని గూడ, కూర్చుండబెట్టుడు. చుక్కలను సమదూరమున నుంచుట కొలతను నేర్పును. వానిచుట్టు మెలిక త్రిప్పుటచే రేఖ చేతికి స్వాధీనమగును. ఒకవైపు గీసినదానిని రెండవవైపున సరిపడ గీయుట సౌష్ఠవమును తెలుపును. ఇట్లు తిరిగిన చేతికి గుండ్రని తెలుగు అక్షరము సులభముగా లొంగును.

రంగుల పాఠమున మరియొక లాభము కలదు. తెలుగున 'పచ్చ' యను మాట పసుపురంగునకును ఆకురంగునకును చెల్లును. కనుకనే పసుపుపచ్చ, ఆకుపచ్చ యని విడదీసి చెప్పుదుము. తమిళమున 'పచ్చై' యనిన ఆకురంగే. బడిలో తమిళము చదువు బిడ్డ, అవ్వ నోట 'పచ్చని పసుపు' అను మాట విని విస్తుపోవుట సహజము. ఎరుపు, పసుపు, నీలము రంగుబిళ్లలు ముందుంచుడు. పసుపున నీలము కలిపి ఆకుపచ్చను, ఎరుపు కలిపి నారింజరంగును బిడ్డచేతనే చేయించి, తెలుగు పేర్లు పలికింపుడు. రంగును మాటయు ఒక్కసారే మనసున నిలుచును.

వెలుగునీడలకు కిటికీ చెంత నుంచిన చెంబు చాలును. వెలుగు ఎచ్చట పడుచున్నదో, నీడ ఎటు సాగుచున్నదో బిడ్డనే చెప్పనిండు. బొమ్మ సరిగా రాలేదని గద్దింపకుడు. మీరు దిద్ది పెట్టకుడు.

వారమున కొక గంట, ఒక పలక, గుప్పెడు బియ్యపుపిండి, మూడు రంగుబిళ్లలు: ఇంతకు మించిన వ్యయము లేదు. ఉగాదినాటికి మన పిల్లల చిత్రములను సంఘమందిరపు గోడలకు తగిలింతము. ప్రతి బొమ్మక్రింద దాని పేరును బిడ్డ స్వహస్తముతో తెలుగున వ్రాయవలెను. వానిని చదువుటకు తలిదండ్రులందరును రావలెనని మా మనవి.