కొట్టకండి, డాక్టరుకు చూపించండి

తల్లిదండ్రులకు, మనవల్ని పెంచుతున్న తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలకు, బడిలో టీచర్లకు ఈ విన్నపం.

చెప్పిన ప్రతిదానికీ ఎదురు తిరగడం, చిన్న మాటకే భగ్గుమనడం, తన తప్పు పక్కవాళ్ల మీదకు నెట్టడం, కావాలని ఉడికించడం పిల్లలందరిలో ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవే. ఇవే తోటివాళ్లకంటే బాగా ఎక్కువగా, ఆరు నెలలైనా తగ్గకుండా, చదువునూ స్నేహాలనూ ఇంటి ప్రశాంతతనూ దెబ్బతీస్తుంటే అది ఒట్టి మొండితనం కాకపోవచ్చు. వైద్యులు దాన్ని ఆపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అంటారు. మనం మాత్రం మగపిల్లాడైతే పోకిరి అనీ, ఆడపిల్లయితే గయ్యాళి అనీ ముద్ర వేసి ఊరుకుంటాం.

"నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అనే సలహాను దయచేసి వినకండి. మీరు అరిస్తే వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. విసిగిపోయి వదిలేస్తే, అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకుంటాడు. కొట్టినప్పుడు లొంగితే, కొడితేనే వింటాడని మీరు నేర్చుకుంటారు. అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ పాటర్సన్ కుటుంబాలను దగ్గరగా గమనించి వివరించిన విషవలయం ఇదే.

అందుకే ఈ సమస్యకు ముఖ్యమైన చికిత్స తల్లిదండ్రులకిచ్చే శిక్షణ. తప్పంతా మీదేనని దీనర్థం కాదు. రోజంతా బిడ్డతో ఉండేది మీరు గనక మార్పు మీ చేతుల మీదుగానే రావాలి. ఆ శిక్షణలో నేర్పేవి ఇవి: దగ్గరికెళ్లి, ఒకసారికి ఒకే పని, నెమ్మదిగా చెప్పడం. విన్న వెంటనే మెచ్చుకోవడం. చిల్లర అల్లరిని చూడనట్టు వదిలేయడం. ముందే చెప్పిన చిన్న శిక్షను అరవకుండా అమలు చేయడం. నాన్న వద్దన్నది నానమ్మ చాటుగా ఇస్తే ఇదంతా వృథా. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి.

ఈ సమస్యకంటూ ప్రత్యేకమైన మందు లేదు. అయితే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం), ఆందోళన, చదవడంలో ఇబ్బంది వంటివి తోడై ఉండవచ్చు. వాటికి వైద్యం అందితే ఎదురు తిరగడమూ తగ్గవచ్చు.

టీచర్లూ, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. తరగతి ముందు నిలబెట్టి అవమానించకండి, టీసీ ఇచ్చి పంపేస్తామని బెదిరించకండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వెళ్లేటప్పుడు టీచరు చేత నాలుగు వాక్యాలు రాయించుకుని పట్టుకెళ్లండి. బిడ్డ ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉంటుంటే డాక్టరుకు ఆ సంగతి తెలియడం చాలా అవసరం.