నిలిచియుండుటయే భద్రత కాదు

ఎవరి స్వంత భూమిలో వారు వినోదార్థము నిలుపుకొనిన చిన్న జలాశయపు కట్టను గూర్చి ఇతరులు కలుగజేసికొనవలసిన పని లేదనియు, దశాబ్దములుగా చెక్కుచెదరక నిలిచిన కట్ట తన దృఢత్వమును తానే నిరూపించుకొనినదనియు, ఒకవేళ కుంభవృష్టికి అది తెగినచో దైవఘటనగా భావించి ఊరకుండవలెననియు వాదించువారు అన్ని దేశములందును పెక్కురు కలరు. ఈ మూడు మాటలలో ఒక్కటియు విచారణకు నిలువదు. అందులోను రెండవది, వినుటకు యుక్తియుక్తముగా తోచుటచేతనే, మిక్కిలి అపాయకరమైనది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, టొకోవా పట్టణముచెంత, కెల్లీ బార్న్స్ అను కట్ట యొకటి ఉండెడిది. 1899 ప్రాంతమున కలపచట్రములలో రాళ్లు నింపి కట్టిన అడ్డుకట్టపై, తరువాతి కాలమున ఒక బైబిల్ విద్యాసంస్థవారు విద్యుత్తు కొఱకు మన్ను పోయించి, దానిని సుమారు 40 అడుగుల ఎత్తునకు తెచ్చిరి. 1957లో విద్యుదుత్పత్తి నిలిచిపోగా, ఆ నీరు వినోదమునకు మాత్రమే మిగిలెను. 1977 నవంబరు 6వ తేదీ అర్ధరాత్రి దాటిన ఒంటిగంటన్నర వేళ ఆ కట్ట తెగి, 186 అడుగుల జలపాతముమీదుగా ఉఱికిన ప్రవాహము దిగువనున్న విద్యాలయ నివాసములపై బడి 39 మందిని బలిగొనినది. వారిలో 20 మంది పిల్లలు.

వాన కురిసినమాట నిజమే. కాని విచారణ జరిపిన నిపుణులకు ఆ కట్ట నిర్మాణ పటములే లభింపలేదు. తెగుటకు ఒకే కారణము ఇదియని వారు తేల్చలేకపోయినను, నిట్టనిలువుగా ఉన్న వెలుపలి వాలు జారుటయు, కట్ట గర్భమున నీరు బుంగలు చేసికొని మన్నును కొనిపోవుటయు ముఖ్యకారణములై యుండునని అభిప్రాయపడిరి. అన్నిటికంటె నన్ను కలచివేయు విషయము వేఱొకటి: 1973లోనే తీసిన ఒక ఛాయాచిత్రమున, కట్ట వెలుపలి వాలున 12 అడుగుల ఎత్తున, 30 అడుగుల వెడల్పున మన్ను జారిన గాయము స్పష్టముగా కానవచ్చుచున్నది. నాలుగేండ్లు కంటికెదురుగా నున్న ఈ గుర్తును చూచిన పిమ్మట దైవమును నిందించుటకు మనకేమి అధికారము కలదు?

మట్టికట్టకు కాలము సాక్షి కాదు, శత్రువు. వాలుపై మొలచిన మొక్కలు మ్రాకులగును. వాని వేళ్లు లోపలికి చొచ్చి, చచ్చి, క్రుళ్లి, నీటికి దారులిచ్చును. ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేయును. కట్టలో పూడియున్న ఇనుపగొట్టము త్రుప్పుపట్టి, దాని చుట్టునున్న మన్ను కణము కణముగా జారిపోవును. పైన గడ్డి పచ్చగానే ఉండును. వెలుపలి పాదమున ఊటగా వచ్చు నీరు తేటగా నున్నంతవఱకు కొంత ధైర్యము. అది మట్టిరంగునకు తిరిగినచో కట్ట లోలోపల కరగుచున్నదని మన నీరుకట్టువారు చదువులేకయే ఎఱిగియుండిరి.

ఇక్కడ వినోదజలాశయమునకును సేద్యపుచెరువునకును గల భేదము గమనింపదగినది. సేద్యపుచెరువు ఏటేట తూముగుండ పొలములకు పాఱి, వేసవిలో అడుగంటి, లోపలి వాలును, తూమును బయటపెట్టును. ఆయకట్టు రైతులు, తమ పంట దానిపై ఆధారపడియున్నందున, కట్టపై నడచుచు కనిపెట్టుచుందురు. వినోదజలాశయమో, అందముకొఱకు ఏడాది పొడుగునను నిండుగా నుంచబడును. లోపలి భాగమును చూచు అవకాశమే లేదు, తూము తిప్పువాడును లేడు. సొంపుకొఱకు చెట్లు పెంతురు. చేపలు పోకుండ అలుగునకు వలలు బిగింతురు. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్టకు, చిన్నది కాకపోయినను, ఇట్టి ఉపచారములే జరిగినవి: అడుగు గొట్టములను అంతకుముందటి యజమానియే తీసివేయగా, కార్నెగీ, ఫ్రిక్ వంటి ధనికులు సభ్యులైన వినోదసంఘమువారు వాటిని మరల అమర్పక, కట్ట శిఖరమును తగ్గించి, అలుగునకు చేపల తెరలు కట్టిరి. 1889 మే 31న అది తెగి జాన్స్‌టౌన్ లోయలో 2,209 మంది మరణించిరి. ఆ సంఘముపై ఒక్క వ్యాజ్యమును గెలువలేదు.

ఇది యజమాని స్వంత విషయమనువారికి న్యాయస్థానములు ఏనాడో సమాధానమిచ్చినవి. తన భూమిలో నీరు కూడబెట్టినవాడు అది పొరుగువానిపై బడినచో బాధ్యుడని 1868లో ఇంగ్లండు ప్రభువులసభ రైలాండ్స్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆఱేండ్లకు మన చిత్తూరు సీమలోని కార్వేటినగరము జమీందారు చెరువులు తెగి, మద్రాసు రైల్వే కంపెనీకి నష్టము కలిగిన వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు జమీందారును విడిచిపెట్టినది. ఆ చెరువులు ప్రజల సేద్యమునకు అనాదిగా నున్నవి, వాటిని మాన్పుటకు అతనికి స్వాతంత్ర్యము లేదు, కాపాడుట అతని విధి అని వారి హేతువు. ఆ హేతువు విలాసజలాశయమునకు ఏ విధముగ వర్తించును? దానిని నిలుపుమని ఎవరు కోరిరి, దాని నీట ఎవరి చేను పండినది?

చిన్న కట్టవలన అపాయము లేదను భ్రమకు శాసనములుకూడ లోబడియున్నవి. మన 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించినవానిని, 10 నుండి 15 మీటర్ల మధ్య కొన్ని విశేషలక్షణములు కలవానిని మాత్రమే గణించును. పొడవు 500 మీటర్లకును, నిలువ పదిలక్షల ఘనమీటర్లకును తక్కువైన సామాన్యపు మట్టికట్ట దాని కంటబడదు. కెల్లీ బార్న్స్ అంతటిదే. ఎత్తునుబట్టి గాక, దిగువన కాపురమున్నవారిని బట్టి కట్ట అపాయమును లెక్కింపవలెను. ప్రతి వర్షర్తువునకు ముందు యజమాని ఖర్చుతో ఇంజనీరు తనిఖీ జరిగి, ఆ నివేదిక దిగువ గ్రామ పంచాయతీకి అందవలెను. అంత ఖర్చు భరింపలేనన్న యజమానికి వేసవిలో నీరు తీయించి, ఇంజనీరు సమక్షమున కట్టను తొలగించి, వాగును దాని దారిన విడుచు మార్గము కలదు. అందులో సగము వ్యయము ప్రభుత్వమే భరించినను నేను తప్పుపట్టను.