సరస్సు వదిలివెళ్ళిన నగరం

ఖాట్మండు అందాన్ని గురించి ఎవరు రాసినా హిమశిఖరాలతోనే మొదలుపెడతారు. నాకది సరికాదనిపిస్తుంది. మంచుకొండలు దూరాన ఉంటాయి, మబ్బు పడితే కనిపించవు. ఎప్పుడూ కనిపించేది సుమారు 1,350 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలతో గిన్నెలా ఉన్న ఆ లోయ. ఆ నగరపు సొగసు అక్కడి మట్టిలోనూ నీటిలోనూ ఉంది.

పూర్వం లోయంతా సరస్సేనట. మంజుశ్రీ బోధిసత్త్వుడు చోభార్ వద్ద కొండను ఖడ్గంతో చీల్చి నీటిని బయటికి పంపాడని స్వయంభూ పురాణం. పుక్కిటి పురాణమని కొట్టిపారేయలేం. అక్కడ ఒకప్పుడు సరస్సు ఉండేదని భూగర్భ శాస్త్రమూ ఒప్పుకుంటుంది. అది మిగిల్చిన నల్లని బంకమట్టిని అక్కడివారు కాలీమాటీ అంటారు (మన నల్లరేగడి గుర్తొస్తుంది). ఆ నేలే నేవారులకు పంటనిచ్చింది. లోయ మట్టే కాలి, పాటన్, భక్తపూర్ వీధుల్లో ఎర్రని ఇటుక గోడలుగా లేచింది.

మెత్తని నేల కనుక భూకంపాల ధాటీ ఎక్కువే. 2015 ఏప్రిల్ 25న కాష్ఠమండపం కూలిపోయింది. ఖాట్మండుకు పేరిచ్చిన కట్టడమది. శిథిలాల కింద తవ్వి చూస్తే పునాదులు 7వ శతాబ్దం నాటివని తేలింది. స్థానికులు పట్టుబట్టి పాత పద్ధతిలోనే, కలపతోనూ ఇటుకతోనూ మళ్ళీ నిలబెట్టుకున్నారు.

ఇంతటి పట్టుదల హితుల విషయంలో ఎందుకు లేదు? హితి అంటే నేలమట్టానికి దిగువన, మకరముఖపు రాతి ధారలున్న స్నానఘట్టం. పాటన్‌లోని మంగహితి 6వ శతాబ్దం నాటిది. చెరువుల నుంచి భూగర్భ కాలువల ద్వారా, ఇసుకలో వడగట్టుకుంటూ వీటికి నీరు చేరేది. పైన భవనాల పునాదులు తవ్వి, గొట్టపు బావులు వేసేసరికి ఎన్నో హితులు ఎండిపోయాయి. లోయలోని ఏడు కట్టడాల సముదాయాలు 1979లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. గుళ్ళకు హద్దులు గీయవచ్చు, కానీ హితికి నీరిచ్చే కాలువ ఆ హద్దుల్లో ఆగదు కదా!

చివరికి సుమారు 26 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 2021లో మేలమ్చి నీటిని లోయకు తెచ్చారు. ఆ ఏడాది వర్షాకాలంలోనే వరద వచ్చి ఆ సరఫరా ఆగింది. సొరంగం వద్దని నేననను, నగరం అంతగా పెరిగింది. అయితే కొత్త పునాదికి అనుమతి ఇచ్చేముందు ఆ స్థలం కింద పాత కాలువ ఉందేమో చూడమని అడగడం అత్యాశ కాదనుకుంటాను. కాష్ఠమండపం కోసం పట్టుబట్టిన జనమే ఆ మాటా అడగగలరు.