మెయిల్ ఎక్కడ ఆగిందో చెప్పగలరా?

లినక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్... ఈ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న ఫ్రెషర్ల రెజ్యూమెలు ఇప్పుడు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. డాకర్, కుబెర్నెటీస్, రెండు మూడు క్లౌడ్ సర్టిఫికెట్లు. తప్పేం లేదు. కానీ 'ఒక యూజర్ తనకు మెయిల్ రావట్లేదంటున్నాడు, ఎక్కడి నుంచి చూడటం మొదలుపెడతారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది 'సర్వర్ రీస్టార్ట్ చేస్తాను సార్' దగ్గరే ఆగిపోతారు. అందుకే నా మాట సూటిగా చెబుతున్నా. ఇంకో సర్టిఫికెట్‌కు డబ్బు కట్టేముందు ఒక శని, ఆదివారం యునిక్స్ మెయిల్ సర్వర్‌తో గడపండి. మొత్తం నేర్చుకోనక్కర్లేదు. లోకల్ డెలివరీ, ఫార్వర్డింగ్ చాలు.

'ఇప్పుడెవరండీ సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకునేది? అంతా గూగుల్, మైక్రోసాఫ్ట్ దగ్గరే కదా' అంటారేమో. ఉద్యోగుల మెయిల్‌బాక్సుల వరకు అది నిజమే. 'మెయిల్ అడ్మిన్' పోస్టు కోసం వెతకమని నేనూ చెప్పను. కానీ కంపెనీలోని లినక్స్ సర్వర్లు మెయిల్ పంపడం మానలేదు. రాత్రిపూట నడిచే క్రాన్ జాబ్ ఏదైనా మెసేజ్ ఇస్తే, అది ఆ జాబ్ ఎవరి పేరు మీద నడుస్తోందో వాళ్లకు మెయిల్‌గా వెళ్తుంది. చాలాసార్లు ఆ పేరు 'రూట్'. రూట్‌కు వచ్చే మెయిల్‌ను ఎవరికీ మళ్లించకపోతే అదే మెషీన్‌లో ఒక ఫైల్‌లో పేరుకుపోతూ ఉంటుంది. బ్యాకప్ ఫెయిలైందని సర్వర్ రోజూ చెబుతూనే ఉంటుంది, వినే మనిషే ఉండడు. డిస్క్ పోయిన రోజున గానీ సంగతి బయటపడదు. ఒక్క లైను రాసి ఉంటే తప్పిపోయే నష్టం అది.

ఆ లైను రాసేది ఎట్సీ డైరెక్టరీలో ఉండే 'ఎలియాసెస్' ఫైల్‌లో. 'తహసీల్దార్ గారికి' అని రాసిన అర్జీ ఆ కుర్చీలో ఈరోజు ఎవరుంటే వాళ్లకు చేరుతుంది కదా, ఎలియాస్ కూడా అంతే. ఎడమవైపు కుర్చీ పేరు: పోస్ట్‌మాస్టర్, అకౌంట్స్, ప్లేస్‌మెంట్స్. మధ్యలో కోలన్. కుడివైపు మనిషి. ఇది అడ్మిన్ చేతిలో ఉంటుంది. దీనికి తోడు ప్రతి యూజర్ తన హోమ్ డైరెక్టరీలో 'డాట్ ఫార్వర్డ్' అనే ఫైల్ పెట్టుకుని, తన మెయిల్‌ను తానే వేరేచోటికి మళ్లించుకోవచ్చు. ఊరు మారేవాళ్లు పోస్టాఫీసులో కొత్త అడ్రస్ ఇచ్చి వెళ్తారే, అలాగన్నమాట. 1980ల్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్‌లో ఈ రెండు ఫైళ్లూ ఉన్నాయి. ఐబీఎంలో పనిచేస్తూ వీట్సె వెనెమా 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ కూడా వీటినే కొనసాగించింది. ఏటా మారిపోయే టూల్స్ మధ్య, ఒకసారి నేర్చుకుంటే ఇన్నేళ్లు నిలిచే విషయాలు అరుదు.

ప్రాక్టీస్‌కు మీ ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు వేసుకుని పోస్ట్‌ఫిక్స్ ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో అడిగే ప్రశ్నకు 'లోకల్ ఓన్లీ' ఎంచుకోండి. డొమైన్ కొనక్కర్లేదు, క్లౌడ్ బిల్లు రాదు. మొదటిరోజే జీమెయిల్‌కు పంపాలని మాత్రం చూడకండి. ఇంటి ఇంటర్నెట్‌లోనూ, క్లౌడ్‌లోనూ బయటికి వెళ్లే 25వ నంబర్ పోర్టును తరచూ మూసేసి ఉంచుతారు. ఆ గొడవలోనే రెండు రోజులూ గడిచిపోతాయి.

సీత, రవి అని ఇద్దరు యూజర్లను తయారుచేసి, ఒకరి నుంచి ఇంకొకరికి మెయిల్ పంపండి. వెంటనే మెయిల్ లాగ్ తెరవండి. అసలు చదువు ఇక్కడే ఉంది. ప్రతి మెయిల్‌కూ ఒక క్యూ ఐడీ ఉంటుంది. దాని పక్కన ఎవరికి వెళ్తోంది, ఏ దారిన వెళ్తోంది, చివర్లో స్టేటస్. 'సెంట్' అంటే ఇచ్చేశాం, 'డిఫర్డ్' అంటే మళ్లీ ప్రయత్నిస్తాం, 'బౌన్స్డ్' అంటే తిప్పి పంపేశాం. ఆ ఐడీని గ్రెప్ చేస్తే ఆ మెయిల్ కథంతా వరుసగా కళ్లముందుకు వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి. 'సెంట్' అంటే అవతలి మనిషి చదివినట్టు కాదు. తర్వాతి చేయి అందుకుంది, అంతవరకే.

ఇక చెడగొట్టడం మొదలుపెట్టండి. నిజానికి ఇదే సరదా. ఎలియాసెస్ ఫైల్‌లో 'అకౌంట్స్' మెయిల్ సీతకు వెళ్లాలని రాసి, 'న్యూఎలియాసెస్' కమాండ్ ఇవ్వకుండా పంపి చూడండి. అలాంటి యూజరే లేడని మెయిల్ తిరిగొస్తుంది. కారణం, సర్వర్ చూసేది మీరు ఎడిట్ చేసిన ఫైల్‌ను కాదు, దాన్నుంచి తయారయ్యే డేటాబేస్‌ను. తర్వాత రవి మెయిల్‌కు ఎలియాసెస్‌లో ఒక దారి, అతని డాట్ ఫార్వర్డ్‌లో ఇంకో దారి రాయండి. ఏది నెగ్గుతుంది? ఎలియాస్. పోస్ట్‌ఫిక్స్ ముందు ఎలియాస్ చూస్తుంది, తర్వాత డాట్ ఫార్వర్డ్, రెండూ లేకపోతేనే మెయిల్‌బాక్స్‌లో వేస్తుంది. డాట్ ఫార్వర్డ్ పర్మిషన్లను ఎవరైనా రాయగలిగేలా మార్చి చూడండి, సర్వర్ ఆ ఫైల్‌ను పక్కన పెట్టేస్తుంది. చాదస్తం కాదిది. ఆ ఫైల్‌లో అడ్రస్‌కు బదులు ప్రోగ్రామ్‌ను నడిపే కమాండ్ కూడా రాయొచ్చు. మీ ఫైల్‌లో పక్కవాడు రాయగలిగితే, మీ పేరు మీద ఏ ప్రోగ్రామైనా నడిపించగలడు.

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న మాత్రం ఒక చిన్న గీత గురించి. మెయిల్ నిల్వ చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఎంబాక్స్‌లో మెయిళ్లన్నీ ఒకే ఫైల్‌లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైల్. పోస్ట్‌ఫిక్స్ కాన్ఫిగరేషన్‌లో 'హోమ్ మెయిల్‌బాక్స్' విలువగా మెయిల్‌డిర్ అని రాసి చివర స్లాష్ పెడితే డైరెక్టరీ తయారవుతుంది. స్లాష్ మర్చిపోతే మెయిల్‌డిర్ అనే పేరుతో ఎంబాక్స్ ఫైల్ తయారవుతుంది! లాగ్ చూస్తే స్టేటస్ 'సెంట్'. యూజర్‌ను అడిగితే 'మెయిల్ రాలేదు'. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మెయిల్ చదివే ప్రోగ్రామ్ ఒకచోట వెతుకుతోంది, సర్వర్ ఇంకోచోట పెడుతోంది. సపోర్ట్ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేవి ఇలాంటి చిక్కులే, మెయిల్ కాకపోతే డేటాబేస్, అది కాకపోతే పేమెంట్.

కొంచెం ఓపికుంటే రెండో వర్చువల్ మెషీన్ కూడా పెట్టి, 'లోకల్ ఓన్లీ' సెట్టింగులు మార్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఫార్వర్డ్ చేయండి. లాగ్‌లో 'ఫార్వర్డెడ్ యాజ్' అంటూ కొత్త క్యూ ఐడీ కనిపిస్తుంది. పాత ఐడీ దగ్గర ఆగిపోయేవాడికి సగం కథే తెలుస్తుంది. ఆ తర్వాత రెండో మెషీన్ నుంచి మళ్లీ మొదటిదానికి ఫార్వర్డ్ పెట్టండి. మెయిల్ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుందనుకుంటారు. కానీ పోస్ట్‌ఫిక్స్ ఫార్వర్డ్ చేసేటప్పుడు మెయిల్ పైన 'డెలివర్డ్ టు' అని ముద్ర వేసి పంపుతుంది. తన ముద్రతోనే మెయిల్ తిరిగొస్తే గుర్తుపట్టి, లూప్ అని చెప్పి వెనక్కి పంపేస్తుంది.

ఇదంతా ఉద్యోగం వచ్చాక సంగతి అనుకోకండి, ఇప్పుడు మీకే పనికొస్తుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీని జీమెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టుకున్నారా? కంపెనీ నుంచి బయల్దేరిన కాల్ లెటర్ మీ కాలేజీ సర్వర్ మీదుగా జీమెయిల్‌కు చేరుతుంది. 'ఈ కంపెనీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా?' అని జీమెయిల్ తనిఖీ చేస్తుంది. దాన్నే ఎస్‌పీఎఫ్ అంటారు. కంపెనీ ప్రకటించిన జాబితాలో మీ కాలేజీ సర్వర్ ఎందుకుంటుంది? కాబట్టి ఆ తనిఖీ ఫెయిలవుతుంది. కంపెనీ పెట్టిన డీకిమ్ సంతకం చెదరకుండా ఉంటే గట్టెక్కొచ్చు. కానీ దారిలో కాలేజీ సర్వర్ మెయిల్ కింద ఏదో ఒక నోటు తగిలిస్తే ఆ సంతకమూ చెల్లకపోవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ నిబంధనలను మరింత గట్టిగా అమలుచేస్తోంది. అందుకే ప్లేస్‌మెంట్ సీజన్లో ఫార్వర్డ్‌ను నమ్ముకోవద్దు. కాలేజీ మెయిల్‌బాక్స్‌ను రోజూ నేరుగా తెరవండి, జీమెయిల్ స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

అలాగే మీ కాలేజీ 'ప్లేస్‌మెంట్స్' అడ్రస్ ఇప్పుడు ఎవరికి వెళ్తోందో ఒకసారి అడగండి. దాన్ని చూసుకునే లెక్చరర్ ఉద్యోగం మానేసి, ఆయన అకౌంట్ తీసేసి ఉంటే ఒకరకంగా అదృష్టమే. మెయిల్ బౌన్స్ అవుతుంది, పంపిన హెచ్‌ఆర్‌కు తెలుస్తుంది, ఫోన్ చేస్తారు. అకౌంట్ అలాగే ఉండిపోతేనే ప్రమాదం. స్టేటస్ 'సెంట్' అనే వస్తుంది. ఎవరూ తెరవని పెట్టెలో డ్రైవ్‌ల కబుర్లన్నీ పడుతుంటాయి. ఇంకో సందర్భం కూడా ఉంది. ఫార్వర్డ్ పెట్టిన చోట అవతలి సర్వర్ పలకకపోతే మెయిల్ 'డిఫర్డ్'లో ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలు సెట్టింగుల్లో 5 రోజులు ప్రయత్నించి, ఆ తర్వాతే పంపినవాళ్లకు తిప్పి పంపుతుంది. ఆలస్యమవుతోందన్న హెచ్చరిక కూడా, అడ్మిన్ విడిగా సెట్ చేస్తే తప్ప, మధ్యలో వెళ్లదు. సోమవారం పంపిన మెయిల్ గురువారం ఇంటర్వ్యూ గురించైతే, అది చేరలేదని వాళ్లకు తెలిసేది శనివారం.

రెజ్యూమెలో 'మెయిల్ సర్వర్ ఎక్స్‌పర్ట్' అని మాత్రం రాయకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. 'వర్చువల్ మెషీన్లలో పోస్ట్‌ఫిక్స్ లోకల్ డెలివరీ, ఎలియాస్, ఫార్వర్డింగ్ సెట్ చేసి, లాగ్‌ల ద్వారా లోపాలు గుర్తించాను' అని ఒక్క లైను చాలు. దాని మీద ప్రశ్న వస్తే, మీరు చెడగొట్టి బాగుచేసినవాటిలో ఒకటి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. స్లాష్ సంగతైనా సరే.