కనీస బీమాకు ఉన్న హద్దు

అమెరికాలో బీమా రంగాన్ని నియంత్రించే అధికారం 1945 నాటి మెకారన్–ఫెర్గూసన్ చట్టం ప్రకారం ప్రధానంగా రాష్ట్రాలదే కావడంతో, కారు నడపడానికి ఎంత బీమా తప్పనిసరి అన్న ప్రశ్నకు ఆ దేశంలో ఒకే సమాధానం లేదు. టెక్సాస్‌లో ఈ కనీస పరిమితిని 30/60/25గా రాస్తారు. తప్పు చేసిన డ్రైవరు తరఫున బీమా కంపెనీ గాయపడిన ఒక్కొక్కరికి గరిష్ఠంగా 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడినవారందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు చెల్లిస్తుందని ఆ అంకెల అర్థం. కాలిఫోర్నియా 1967 నాటి 15/30/5 పరిమితిని 2025 జనవరిలో గాని 30/60/15కు పెంచలేదు. ఇంత జాప్యం సమర్థనీయం కాదు. ఫ్లోరిడాలోనైతే ఎదుటివారి గాయాలకు బీమా చాలామంది డ్రైవర్లకు నేటికీ తప్పనిసరి కాదు.

హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లి డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు గ్రహించవలసిన తేడా ఇక్కడే ఉంది. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి కలిగిన హానికి పరిహారమిచ్చే బీమా, మరణాలకూ గాయాలకూ గరిష్ఠ పరిమితి లేకుండా ట్రిబ్యునల్ నిర్ణయించిన మొత్తానికి వర్తిస్తుంది కనుక, చట్టం అడిగినది తీసుకుంటే ఎదుటివారి విషయంలో చాలునన్న నమ్మకానికి అక్కడ ఆధారం ఉంది. అమెరికాలో అదే నమ్మకం ప్రమాదకరం; శస్త్రచికిత్స ఖర్చు 30 వేల డాలర్లను దాటితే, ఆ పైమొత్తానికి తప్పు చేసిన డ్రైవరే స్వయంగా బాధ్యుడవుతాడు.

సొంత కారు ఢీకొని దెబ్బతింటే కొలిజన్, దొంగతనానికో వడగళ్లకో గురైతే కాంప్రిహెన్సివ్ అనే రక్షణలు వర్తిస్తాయి. రెండింటిలోనూ డిడక్టిబుల్ పేరిట మొదటి కొంత మొత్తాన్ని యజమానే భరించాలి. పాత కారుకు ఇవి లేకపోయినా నష్టం పరిమితమే. బీమా లేని వాహనం గుద్దినప్పుడు సొంత కంపెనీయే వైద్య ఖర్చులిచ్చే అన్‌ఇన్‌సూర్డ్ మోటరిస్ట్ రక్షణ సంగతి వేరు. టెక్సాస్‌లో కంపెనీలు దీనిని పాలసీలో భాగంగా ఇవ్వవలసిందే, వద్దనుకునేవారు లిఖితపూర్వకంగా నిరాకరించాలి. ప్రీమియం తగ్గించుకోవాలన్న ఆతృతలో విద్యార్థులైనా, కుటుంబాలవారైనా ఆ నిరాకరణ పత్రంపై సంతకం చేయవద్దు.